ఇంధనం మార్చే ముందు చేయవలసిన లెక్క: వరంగల్ వైపు కుటుంబాలకు ఒక మార్గదర్శి

పెట్రోలు ధర పెరిగిన ప్రతిసారీ మన ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది: కరెంటు బండి కొందామా, కారుకు గ్యాస్ కిట్ పెట్టిద్దామా, లేక ఉన్నదానితోనే సర్దుకుందామా అని. ఆ చర్చ ఎక్కువగా షోరూంలో విన్న మాటల మీద, పక్కింటివారి అనుభవం మీద నడుస్తుందే తప్ప, మనం నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నామన్న సొంత లెక్క మీద నడవడం నేను చాలా అరుదుగా చూశాను. హసన్‌పర్తి నుంచి, పరకాల నుంచి, నర్సంపేట నుంచి రోజూ బండి మీద హనుమకొండకు వచ్చిపోయే ఉద్యోగులను, కాజీపేట–వరంగల్ మధ్య ఆటో నడిపేవారిని, ట్రాక్టరు ఉన్న రైతు కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. ధర దానంతట అదే బాగా తగ్గుతుందని ఎదురుచూడడం సరైన ప్రణాళిక కాదు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది కాబట్టి, అంతర్జాతీయ ధర పెరిగినా, డాలరుతో రూపాయి విలువ పడినా భారం మన మీద పడుతుంది. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణను 2010 జూన్‌లో, డీజిల్‌పై 2014 అక్టోబరులో ఎత్తివేశారు. 2017 జూన్ 16 నుంచి రోజువారీ సవరణ పద్ధతి వచ్చింది. ఈ రెండూ జీఎస్టీ పరిధిలో లేవు. కేంద్రం ఎక్సైజ్ సుంకం వేసిన తరువాత రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. తెలంగాణలో ఆ వ్యాట్ పెట్రోలుపై 35.2 శాతం, డీజిల్‌పై 27 శాతం. 2024 మార్చిలో దేశమంతటా లీటరుకు రెండు రూపాయలు తగ్గించిన తరువాత కూడా హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల పైనే నిలిచింది. కింది లెక్కలలో నేను లీటరు 108 రూపాయలు అనుకున్నాను. మీ బంకులో ఈ రోజు రాసి ఉన్న ధరను దాని స్థానంలో వేసుకోండి.

మొదటి మెట్టు: నెల రోజులు పుస్తకం రాయండి

ఒక చిన్న నోటు పుస్తకాన్ని బండిలోనే ఉంచండి. మొదటి రోజు ట్యాంకు నిండుగా కొట్టించి, మీటరులో కనిపించే కిలోమీటర్లను రాసుకోండి. తరువాత ఎప్పుడు బంకుకు వెళ్లినా మళ్లీ నిండుగానే కొట్టించి, ఎన్ని లీటర్లు పట్టిందో, మీటరు ఎంత చూపుతున్నదో రాయండి. రెండు రీడింగుల తేడాను లీటర్లతో భాగిస్తే మీ అసలు మైలేజీ తెలుస్తుంది. వంద రూపాయలకో రెండు వందలకో కొట్టించే అలవాటు ఉన్నవారికి ఈ లెక్క ఎప్పటికీ తేలదు. అందుకే ఈ ఒక్క నెలైనా నిండు ట్యాంకు పద్ధతిని పాటించండి.

అదే పుస్తకంలో ప్రయాణం ఎందుకు చేశారో కూడా ఒక్క మాటలో రాయండి: ఆఫీసు, బడి, కూరగాయలు, ఊరు, పెళ్లి. నెలాఖరున చూస్తే ఏ పని మీద ఎంత దూరం తిరిగారో కనబడుతుంది. మీరు తీసుకోబోయే నిర్ణయమంతా ఈ ఒక్క పేజీ మీద ఆధారపడుతుంది కాబట్టి దీనిని దాటవేయకండి.

రెండవ మెట్టు: బండి తీయనక్కరలేని ప్రయాణాలను గుర్తించండి

కాల్చని ఇంధనమే అన్నింటికన్నా చౌకైనది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. భార్యాభర్తలు ఇద్దరూ ఒకే వైపు ఉద్యోగానికి పోతూ రెండు బండ్లు తీస్తున్న ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. అందులో ఒక బండి వారానికి నాలుగు రోజులు ఇంట్లో ఉండగలదా అని పుస్తకం చూసి ఆలోచించండి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో ఆర్టీసీ కరెంటు బస్సులను కూడా తెచ్చింది. హైదరాబాద్‌కు ఒంటరిగా కారులో పోయి వచ్చేవారు, 145 కిలోమీటర్ల ఆ దారికి కాజీపేటలో రైలు ఎక్కితే ఎంత మిగులుతుందో ఒక్కసారి లెక్క వేయండి.

మూడవ మెట్టు: ఉన్న బండి నుంచే రాబట్టవలసింది రాబట్టండి

కొత్త బండికి డబ్బు పెట్టే ముందు పాత బండిని సరిచేయించండి. టైరులో గాలి రెండు వారాలకు ఒకసారి, చల్లగా ఉన్నప్పుడు చూపించండి. వేగాన్ని గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య ఉంచండి. ఎయిర్ ఫిల్టరును మన మట్టి రోడ్ల మీద బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినదానికన్నా ముందే శుభ్రం చేయించవలసి ఉంటుంది, ముఖ్యంగా గ్రానైటు లారీలు తిరిగే కరీంనగర్ వైపు దారులలో.

బంకులో సున్నా చూసుకోవడం అందరికీ తెలిసినదే. తెలియని హక్కు మరొకటి ఉన్నది: కొలత మీద అనుమానం వస్తే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడగవచ్చు. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టరు కాగితం పరీక్ష అడగవచ్చు; కాగితం మీద వేసిన పెట్రోలు చుక్క ఆవిరైన తరువాత మరక మిగలకూడదు. ఇవి అడగడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు బంకులలో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చెరకు, మక్కలు, నూకల నుంచి తయారయ్యే ఈ ఇథనాల్‌ను 2022లో 10 శాతం దాకా, 2025 నాటికి 20 శాతం దాకా కలిపారు. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే సుమారు మూడవ వంతు తక్కువ. అందుకే 10 శాతం మిశ్రమానికి సరిచేసిన పాత ద్విచక్ర వాహనాలలో మైలేజీ 3 నుంచి 4 శాతం, అటువంటి కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ తన 2021 నివేదికలోనే చెప్పింది. మీ బండి 2023 ఏప్రిల్ కన్నా ముందుదైతే పెట్రోలు గొట్టాలను, రబ్బరు వాషర్లను సర్వీసింగ్‌లో ప్రత్యేకంగా చూడమని చెప్పండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో బండిని సగం ట్యాంకుతో నెలల తరబడి నిలిపి ఉంచకండి. మక్కలు పండించే రైతుకు ఈ మిశ్రమం వల్ల కొత్త గిరాకీ వచ్చిన మాట నిజమే. అయితే ఇథనాల్ ఫ్యాక్టరీ తమ నీటి పక్కన వద్దని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ప్రజలు రోడ్డెక్కిన మాట కూడా అంతే నిజం. ప్రత్యామ్నాయ ఇంధనం దేనికైనా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు వెల కడుతున్నారు.

నాలుగవ మెట్టు: కరెంటు బండి లెక్కను 200 యూనిట్ల గీతతో కలిపి వేయండి

ఈ మెట్టును ఎక్కువ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మన రాష్ట్రంలో ఈ లెక్క మిగతా చోట్ల మాదిరిగా ఉండదు.

రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నెలకు 26 రోజులు, అంటే 780 కిలోమీటర్లు తిరిగే ఒకరిని తీసుకుందాం. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి సుమారు 17 లీటర్ల పై చిల్లర, అంటే 1,870 రూపాయల పెట్రోలు పడుతుంది. అదే దూరానికి మూడు కిలోవాట్ అవర్ల (అంటే మూడు యూనిట్లు పట్టే) బ్యాటరీ ఉన్న కరెంటు స్కూటరు, చార్జింగ్‌లో పోయే నష్టాన్ని కలుపుకొని, 100 కిలోమీటర్లకు మూడున్నర యూనిట్ల చొప్పున సుమారు 27 యూనిట్లు తీసుకుంటుంది. ఇంతవరకు ఏ షోరూంలోనైనా చెబుతారు.

వారు చెప్పనిది ఇది. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తున్నది. ఆ గీత దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం వాడకానికి బిల్లు కట్టవలసి ఉంటుంది. మీ ఇంటి వాడకం ఇప్పుడు 150 యూనిట్లయితే 27 కలిసినా 177. బండి నడకకు కరెంటు ఖర్చు లేనట్టే. ఇప్పుడు 185 ఉన్న ఇంట్లో 27 కలిస్తే 212 అవుతుంది. అప్పుడు 200 దాటిన వర్గపు ధరల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున 1,020, మిగిలిన 12 యూనిట్లకు 7.70 చొప్పున 92, వెరసి 1,112 రూపాయలు, దానిపైన స్థిర చార్జీలు. అంటే 1,870 రూపాయల పెట్రోలు మానినా మీకు మిగిలేది 750 రూపాయలు మాత్రమే. ఇప్పటికే 200 దాటి 300 లోపు వాడుతున్న ఇంటికి మాత్రం అదనపు 27 యూనిట్లకు సుమారు 210 రూపాయలే పడుతుంది కాబట్టి నెలకు 1,660 మిగులుతుంది.

కాబట్టి గత 12 నెలల కరెంటు బిల్లులు తీసి, వేసవి నెలలను విడిగా చూడండి. ఏప్రిల్, మే నెలలలో కూలరు తిరిగే ఇంట్లో గీత దాటే ప్రమాదం ఎక్కువ. గీతకు దగ్గరగా ఉన్నవారు పాత ఫ్యాన్లను తక్కువ కరెంటు తీసుకునే రకంతో మార్చుకుంటే స్కూటరుకు కావలసిన యూనిట్లలో మంచి భాగం అక్కడే దొరుకుతుంది. ఆఫీసులో అనుమతి ఉంటే అక్కడ చార్జింగ్ పెట్టుకోవడం మరొక దారి.

తరువాత పెట్టుబడి చూడండి. అదే స్థాయి పెట్రోలు బండి కన్నా కరెంటు బండికి మీరు 30 వేలు ఎక్కువ పెడుతున్నారనుకుందాం. నెలకు 1,660 మిగిలితే ఆ సొమ్ము 18 నెలలలో తిరిగి వస్తుంది. రోజుకు పది కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారికి నెలకు మిగిలేది 550 రూపాయల దగ్గర ఉంటుంది. వారికి నాలుగున్నర ఏళ్లు పడుతుంది. అందుకే తక్కువ తిరిగేవారికి, మంచి పెట్రోలు బండి ఇప్పటికే ఉన్నవారికి తొందరపడి మార్చవద్దని నా సలహా. రోజుకు పాతిక కిలోమీటర్లు దాటేవారు వాయిదా వేయనక్కరలేదు.

ఐదవ మెట్టు: బ్యాటరీ గురించి అడగవలసినవి అడగండి, ఇంట్లో ఏర్పాట్లు చేయండి

కరెంటు బండి ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. వారంటీ కొందరు మూడేళ్లకు ఇస్తారు, కొందరు ఎనిమిదేళ్లకు పొడిగిస్తారు. ఎన్ని కిలోమీటర్ల వరకు, బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతం కన్నా తగ్గితే మారుస్తారు అన్న రెండు మాటలను కాగితం మీద తీసుకోండి. వారంటీ తరువాత కొత్త బ్యాటరీ ధర ఎంతో అడిగి, దానిని పై లెక్కలో కలపండి. బ్యాటరీకి ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణం ఉన్నదా అని అడగండి. 2022లో వరుసగా జరిగిన అగ్నిప్రమాదాల తరువాత ఆ ప్రమాణాన్ని కఠినం చేశారు. ప్రకటనలో చెప్పిన దూరంలో నాలుగింట మూడు వంతులు వస్తాయనుకొని మీ రోజువారీ అవసరంతో పోల్చండి. సర్వీసు కేంద్రం మీ ఊరికి ఎంత దూరమో కూడా చూడండి. బండి ఆగిపోతే ములుగు నుంచి హైదరాబాద్‌కు ట్రాలీలో తీసుకుపోవలసి వస్తే మిగిలిన సొమ్మంతా అందులోనే పోతుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, అక్కడే నిద్రిస్తున్న ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఆ వార్త మరచిపోకూడదు. బ్యాటరీని పడకగదిలో, బయటికి పోయే దారికి అడ్డంగా, రాత్రంతా ఎవరూ చూడని చోట చార్జింగ్ పెట్టకండి. నీడ, గాలి ఉన్న వరండా మంచిది. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి వైపు వేసవిలో 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంది. అటువంటి ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకుండా ఒక గంట చల్లారనివ్వండి. బండితో ఇచ్చిన చార్జరునే వాడండి. ఎర్తింగ్ సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి, చార్జింగ్ పాయింటుకు విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటును దానంతట అదే ఆపే స్విచ్చి) పెట్టించండి. కరెంటు కారు కొనేవారికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. ఇంటి మంజూరు లోడు చాలకపోతే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు అదనపు లోడు కోసం ముందే దరఖాస్తు చేయండి.

ఆరవ మెట్టు: కారు, ఆటో ఉన్నవారు సీఎన్‌జీని పోల్చి చూడండి

ఇక్కడ లీటరుతో కిలోను పోల్చకుండా, కిలోమీటరుకు ఎంత అన్నదే చూడండి. ఉదాహరణకు లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు కిలోమీటరుకు 5.40 రూపాయలు పడుతుంది. అదే కారు కిలో గ్యాస్‌తో 26 కిలోమీటర్లు నడిచి, కిలో ధర 95 అనుకుంటే 3.65 పడుతుంది. తేడా 1.75, కిట్‌కు 60 వేలు అయితే 34 వేల కిలోమీటర్ల తరువాతనే లాభం మొదలవుతుంది. ఏడాదికి ఎనిమిది వేలు తిరిగే కుటుంబపు కారుకు ఇది నాలుగేళ్ల పైమాట. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే ఆటోకు, ట్యాక్సీకి మాత్రం త్వరగా తేలుతుంది.

నిర్ణయించే ముందు వారం రోజులు మీరు వాడబోయే బంకు దగ్గరికి వేర్వేరు వేళలలో పోయి వరుస ఎంత ఉన్నదో, ప్రెషరు పూర్తిగా వస్తున్నదో చూడండి. పనివేళలో గంటసేపు వరుసలో నిలబడితే ఆటో సంపాదన అక్కడే పోతుంది. కిట్‌ను ఆమోదం ఉన్న కేంద్రంలోనే బిగించి, ఆర్‌సీలో నమోదు చేయించి, బీమా సంస్థకు తెలియజేయండి. సిలిండరుకు మూడేళ్లకు ఒకసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. వంటగ్యాస్ సిలిండరును బండికి వాడడం నేరం, పైగా ప్రయాణికుల ప్రాణాలతో ఆడడం. ఎవరు ఎంత చౌకగా చేసిపెడతామన్నా ఒప్పుకోకండి.

ఏడవ మెట్టు: రైతు కుటుంబాలు దుక్కి దగ్గర, కొట్టం దగ్గర చూడండి

ట్రాక్టరుకు డీజిల్‌ను పూర్తిగా మాన్పించే దారి మన ఊళ్లలో ఇంకా అందుబాటులోకి రాలేదు. కాబట్టి డీజిల్ పనినే తగ్గించాలి. వరిలో దమ్ము చేయడానికే ట్రాక్టరు ఎక్కువ గంటలు తిరుగుతుంది. కలుపును అదుపు చేయగలమన్న ధైర్యం ఉన్న పొలంలో, పొడి దుక్కిలో వెదబెట్టే పద్ధతిని ముందు ఒక ఎకరంలో వేసి చూడండి. ఒకేసారి పొలమంతా మార్చకండి.

నాలుగైదు పశువులు ఉన్న ఇంటికి గోబర్ గ్యాస్ ఇప్పటికీ మంచి మార్గమే. రోజుకు 50 కిలోల పెండ, దాదాపు అంతే నీరు పడితే రెండు ఘనపు మీటర్ల ప్లాంటు ఐదారుగురి వంటకు సరిపోతుంది, ఆ తరువాత వచ్చే స్లర్రీ పొలానికి ఎరువవుతుంది. రోజూ పెండ కలపడానికి ఇంట్లో ఒకరికి తీరిక ఉన్నప్పుడే దీనిని కట్టించండి. కట్టించి వదిలేసిన గుంతలు చాలా ఊళ్లలో కనబడతాయి.

అడవి ఆముదంతో డీజిల్ పండిద్దామని 2000ల దశకంలో చాలా చెప్పారు, అది నిలవలేదు. కానుగ కథ మాత్రం మనకు గర్వకారణం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలోని ఆదివాసీ మహిళలు కానుగ గింజల నూనెతో ఆదా అయ్యే 147 టన్నుల కర్బన ఉద్గారాలకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు పొందారు. గట్ల మీద కానుగ చెట్లు ఉన్నవారు గింజలను వృథా చేయకండి. కానీ ఆ నూనెను శుద్ధి చేయకుండా నేరుగా కొత్త ట్రాక్టరు ఇంజనులో పోయకండి, ఇంజెక్టర్లు పాడవుతాయి.

ఎనిమిదవ మెట్టు: పైకప్పు సోలార్ ఎవరికో తేల్చుకోండి

మన ప్రాంతపు కరెంటు చాలావరకు సింగరేణి బొగ్గుతోనే వస్తుంది. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022 జూలై నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తున్నా, ఆ మాట మారలేదు. సొంత ఇల్లు, నీడ పడని డాబా ఉండి, నెలకు 300 యూనిట్లు దాటేవారికి సోలార్ లాభమే. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లకు 78 వేల రాయితీ ప్రకటించారు. దానికి దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే వాడాలి. జీరో బిల్లు వస్తున్న ఇంటికి మాత్రం డబ్బు పరంగా దీనితో కలిసివచ్చేది దాదాపు ఏమీ లేదు.

కొనే రోజు చేయవలసినవి

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన ప్రకారం కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు. మీ బిల్లులో ఆ రెండు పేర్లతో వసూలు ఉంటే సంతకం చేయకముందే అడగండి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ రాయితీని ద్విచక్ర వాహనాలకు బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు 5,000 రూపాయలతో 2024 అక్టోబరులో మొదలుపెట్టి, తరువాతి ఏడాది 2,500కు తగ్గించింది. కాబట్టి నోటిమాట మీద కాక, ఆ రోజు బిల్లులో కనబడే మొత్తం మీదనే లెక్క వేయండి. బండి ఇంటికి వచ్చిన మొదటి చార్జింగ్‌కు ముందు, తరువాత ఇంటి కరెంటు మీటరు రీడింగ్ రాసుకొని, ఎన్ని కిలోమీటర్లు నడిచిందో అదే నోటు పుస్తకంలో కొనసాగించండి. మొదటి రెండు నెలలు మీటరు రీడింగ్ తీసే తేదీకి వారం ముందు యూనిట్లు చూసుకుంటే, 200 గీతకు ఎంత దూరంలో ఉన్నారో తెలుస్తుంది. దగ్గరపడితే ఆ వారం బస్సు ఎక్కండి.